నత్తలపాలెం అర్జీ

గవ్వ వీపుతో కాగితాన్ని రుద్దుతున్నాడు పేర్రాజు పంతులు. రుద్దని కాగితం సిరాను పీల్చేసి అక్షరాన్ని పాడుచేస్తుంది. అక్షరం పాడైన అర్జీ దొరగారి బల్ల దాకా వెళ్ళదు, పెద్ద గుమాస్తా షిరస్తాదారు గారి దగ్గరే చతికిలబడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే కచేరీ తలుపులు తెరవకముందే వచ్చి, వసారా పడమటి మూల తన చాప పరుచుకుని, ఆ పూటకు కావలసిన కాగితాలు నున్నగా చేసుకుంటాడు. ఆ గవ్వ అతని మేనమామది. నలభై ఏళ్ళు ఒకరి చేతిలో, ముప్పై ఏళ్ళు ఇంకొకరి చేతిలో అరిగి దాని చారలు మాసిపోయాయి.

అమలాపురం తాలూకా కచేరీ వసారాలో అర్జీలు వ్రాసేవాళ్ళు మరికొందరు ఉన్నారు గాని, పెట్టె తెరిచి చూస్తే పేర్రాజుకున్నంత సరంజామా ఎవరికీ లేదు. రెల్లు కలాలు సన్నవి వేరు, లావువి వేరు. కలం చెక్కే చాకు. ఆముదపు దీపం మసిలో తుమ్మ జిగురూ, కరక్కాయ కషాయమూ కలిపి ఇంట్లో తనే నూరుకున్న సిరా. తడి ఆరడానికి చల్లే సన్నని ఇసుక. ఆ ఇసుక కోసం ఏడాదికొకసారి వైనతేయ పాయ గట్టు దాకా వెళ్ళి గుడ్డలో జల్లించి తెచ్చుకుంటాడు. మనిషి మాత్రం ఆ పెట్టె పక్కన పెట్టిన ఇంకో సామానులాగే ఉంటాడు. మోకాలే బల్లగా చేసుకుని వ్రాసి వ్రాసి వీపు వంగింది, కుడి భుజం ఎడమదానికంటే పైకి లేచింది, బొటనవేలి గోరు ఎన్ని స్నానాలు చేసినా నల్లగానే ఉంటుంది. పొడి దగ్గు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

పెట్టె అడుగున అసలైన ఆస్తి తాటాకు కట్ట. అందులో మేనమామ చేత్తో గీసిన మాదిరి అర్జీలు ఉంటాయి. వరదకు ఒకటి, ఉప్పెనకు ఒకటి, అనావృష్టికి, అగ్నికి, ఏటిగట్టు తెగినందుకు, పశువులు చచ్చినందుకు ఒక్కొక్కటి. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చి మిగతాది దించేస్తే చాలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అమ్మకంటే ఘనమైనది, అడిగినా పెట్టదు, తెలిసిన తీరున అడగాలి. గోరంత కష్టాన్ని కొండంత చేసి చూపితే అందులో ఆవగింజంత మంజూరవుతుందని మేనమామ చెప్పేవాడు. ఈ ముప్పై ఏళ్ళలో పేర్రాజు ఆ తాలూకాలో ఎన్నో ఊళ్ళను ముంచాడు, కాల్చాడు, ఎండబెట్టాడు. వాటిలో కళ్ళారా చూసిన ఊరు ఒక్కటీ లేదు. చూడవలసిన అవసరం రాలేదు.

ఆనకట్ట కట్టిన నాలుగైదేళ్ళకు, వైశాఖ మాసంలో ఆ పొద్దు, పోలమ్మ వచ్చింది. వెనకాల ఆమె మరిది ముసలయ్య ఉన్నాడు. ఇద్దరూ వసారా ఎక్కలేదు, మెట్ల కింద ఎండలోనే నిలబడ్డారు. ఓడలరేవుకు ఇవతల పాయ పక్కన నత్తలపాలెమని చేపలు పట్టుకునేవాళ్ళ గుడిసెలు కొన్ని ఉన్నాయి. వాళ్ళది ఆ ఊరు. కిందటి కార్తీకంలో వచ్చిన ఉప్పెన ఊళ్ళోని మంచినీళ్ళ బావిలో సముద్రాన్ని నింపి పోయింది. అప్పట్నుంచి ఇసుకలో చెలమ తవ్వుకుని తాగుతున్నారు. ఊరికి ఉత్తరాన మెరక మీద చెరువు తవ్వుకుందామంటే అది సర్కారు బంజరు, హుకుం లేనిదే పార పడకూడదని మునసబు ఆపించాడు. హుకుం కోసం, కాస్త కూలి ఖర్చు కోసం పుష్య మాసంలో పేర్రాజు చేతే అర్జీ వ్రాయించి పెట్టుకున్నారు. తొలకరి లోపల తవ్వుకుంటే వానలకు నిండుతుంది, లేకపోతే మళ్ళీ ఏడాది దాకా చెలమే గతి.

"జవాబు వచ్చిందని మునసబు గారు ఇచ్చేరండి. ఏం రాసేరో మీరు చదివి చెప్పాలండి," అని పోలమ్మ కొంగులోంచి మడిచిన కాగితం తీసి పై మెట్టు మీద పెట్టింది.

అది తన అర్జీయే. పేర్రాజు దాన్ని తిప్పి చూశాడు. వెనకవైపు హుకుం వ్రాసి ఉంది. చదివాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ చదివాడు. ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు, వాళ్ళకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి అతనికి తోచకపోలేదు కూడా. కాని పోలమ్మ కళ్ళు అతని పెదవుల మీదే ఉన్నాయి.

"సదరు గ్రామమందు మనుష్యమాత్రుడు మిగలలేదని అర్జీదారులే చెప్పుకొనియున్నందున, అక్కడ చెరువు యొక్క అవసరం కనిపించదు," అని మెల్లగా చదివాడు.

పోలమ్మకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

"మనుషులే లేకపోతే మరి ఆ అర్జీ ఎవరిచ్చేరనుకున్నారండీ దొరగారు?"

మేనమామ మాదిరిలో ఉప్పెన అర్జీ అలాగే మొదలవుతుంది: 'సముద్రుడు పొంగి మా గ్రామము తుడిచిపెట్టుకొనిపోయి మనుష్యమాత్రుడు మిగలక' అని. మేనమామ అది వ్రాసినప్పుడు నిజంగానే ఒక ఊరు ఊరంతా పోయింది. వేరే ఊళ్ళో ఉండి బతికిన వారసులు శిస్తు మాఫీ కోసం పెట్టుకున్న అర్జీ అది. ఆ మాట గట్టిగా పనిచేసింది గనక మాదిరిగా నిలిచిపోయింది. అప్పట్నుంచి ఉప్పెన అంటే ఆ మాటే. అందరికీ తెలిసిన అలంకారమే, షిరస్తాదార్లు చూసీ చూడనట్టు దాటేసేవాళ్ళు. ఈ కొత్త దొర తెలుగు నేర్చుకున్నాడట. నేర్చుకున్నవాడు గనక ఉన్నదున్నట్టు చదువుకున్నాడు.

"బంగారయ్య ఏడీ, రాలేదేం?" అన్నాడు పేర్రాజు, మాట మార్చడానికి. పుష్యంలో ముందు నిలబడి మాట్లాడింది ఆమె మొగుడు బంగారయ్యే.

"పోయేడండి. చైత్రంలో వాంతులూ భేదులూ పట్టుకున్నాయండి. ఆయనతోపాటు చాలామంది పోయేరండి. ఆ చెలమ నీళ్ళేనండి," అంది పోలమ్మ. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషి గొంతు అది. "మా కూతురు వీరవేణి ఇంకా పచ్చి బాలింతండి. దానికీ అవే నీళ్ళండి."

పేర్రాజు తాటాకు కట్ట విప్పాడు. చేతికి అలవాటైన పని గనక చేయి దానంతట అదే పోయింది. ఉప్పెన ఆకు కాదు, ఈసారి మహమ్మారి జబ్బులకు ఉన్న ఆకు తీశాడు. 'శవములను మోయువారు లేక' అని మొదలైందది. ఆ మొదటి మాట చూసి అతని చేయి ఆగిపోయింది.

"దొరగారు నాలుగు రోజుల్లో ఇక్కడికి మకాం వస్తున్నారట. అప్పటికి రాసి ఉంచుతాను," అన్నాడు.

"మీరు రాసేది మా ఊరు కాదండి, పంతులు గారు. అది ఇంకేదో ఊరండి. ఒక్కసారి వచ్చి చూసి రాయండి. మా ముసలయ్య బోడసకుర్రు రేవులో పడవ పెట్టేడండి. పాటుకి దిగి పోటుకి తిరిగి రావచ్చండి."

పక్క చాప మీద కూర్చున్న అమ్మిరాజు అంతా వింటున్నాడు. వరసకు పేర్రాజుకు అన్న కొడుకు, వృత్తిలో పోటీదారు. "బాబయ్యగారూ, మీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు మనుషులున్నారని రాస్తే అప్పుడు రాసింది అబద్ధమని మీ చేత్తో మీరు ఒప్పుకున్నట్టే కదండీ. అబద్ధపు అర్జీ రాసినవాణ్ణి ఈ వసారాలో కూర్చోనిస్తారా? పొట్ట మీద మీరే కొట్టుకుంటారా?"

అమ్మిరాజు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పేర్రాజుకు పొలం లేదు, ఇంట్లో మంగాయమ్మ తప్ప దిక్కు లేదు, ఈ మూల చాప తప్ప జీవనం లేదు. గవ్వను పెట్టెలో పెట్టాడు. నున్నగా చేసిన కాగితాల్లోంచి మంచిది ఒకటి తీసి, కలమూ సిరాబుడ్డీ కలిపి గుడ్డలో చుట్టాడు. నీళ్ళు తాగే ఇత్తడి చెంబు పట్టుకుని మెట్లు దిగాడు. ఎందుకు దిగాడో అడిగితే చెప్పగలిగేవాడు కాదు. అంతమంది చచ్చిపోయారని ముందే వ్రాసి పెట్టిన చెయ్యి తనది. ఆ సంగతి ఒంట్లో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

పడవలో ముందువైపు అతను, వెనకవైపు వాళ్ళిద్దరూ కూర్చున్నారు. సముద్రం వైపు తీసే పాటు నీటికి పడవ తేలిగ్గా దిగింది. గట్ల వెంట కొబ్బరిచెట్లు పలచబడి మొగలిపొదలు వచ్చాయి, మొగలిపొదలు పోయి ఉప్పు గాలి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈ తీరమంతా తన కలం కిందే ఉందనుకున్న పేర్రాజుకు ఏ ఊరు ఎటుందో ముసలయ్యను అడగవలసి వచ్చింది. తెచ్చుకున్న నీళ్ళు దారిలోనే అయిపోయాయి. ఎండ తలమీదికి వచ్చేసరికి నత్తలపాలెం చేరారు.

ఊరు చూసి అతనికి మొదట కలిగింది ఆశ్చర్యం. ఇందులో కొండంత చేయడానికి ఏమీ లేదు. తాటాకు గుడిసెలు వంగి ఉన్నాయి. వలలు ఆరేసి ఉన్నాయి, ఎండిన చేపల వాసన వేస్తోంది. ఒక ముసలావిడ కుండపెంకుతో చెలమలోంచి నీళ్ళు తోడుతోంది. తోడినకొద్దీ ఊట వచ్చేదాకా ఆగుతోంది, మళ్ళీ తోడుతోంది. కొన్ని గుడిసెల తలుపు తడకలు బయటినుంచి కట్టేసి ఉన్నాయి. అవి ఎవరివో అతను అడగలేదు. కట్టని గుడిసెల్లోంచి మనుషులు వచ్చి అతని చుట్టూ దూరంగా నిలబడ్డారు. అర్జీ వ్రాసే పంతులు ఊళ్ళోకి రావడం వాళ్ళెవరూ చూడలేదు. వీరవేణి బిడ్డను ఎత్తుకుని గుడిసె నీడలో కూర్చుంది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి.

పోలమ్మ అతన్ని చెలమ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇవేనండి. ఎలా ఉంటాయో రాయాలండి."

అతను వంగి చూశాడు. నీళ్ళు కాస్త పసుపుగా, నిమ్మళంగా ఉన్నాయి. 'విషప్రాయమైన జలము' అని మాదిరిలో ఒక మాట ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. వ్రాస్తే మళ్ళీ అదే పని అవుతుంది. విషం అని వ్రాస్తే విషం తాగి ఎలా బతికున్నారని ఆ దొర అడుగుతాడు. ఉప్పగా ఉంటాయా, చేదుగా ఉంటాయా, నాలుకకు ఏం తెలుస్తుంది?

ఇంకొకరు తోడిన నీళ్ళు అతను ముట్టకూడదు. కాని భూమిలోంచి వచ్చే ఊటకు మైల ఏముంటుంది అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పంచె ఎగ్గట్టి దిగి తన చెంబు తనే ముంచాడు. పుక్కిలించి ఉమ్మేద్దామనే నోట్లో పోసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. రోజూ మింగేవాళ్ళ ఎదుట ఉమ్మడానికి మొహం చెల్లలేదు. మింగాడు. అసలే దాహంతో నాలుక పిడచగట్టి ఉంది. సగం చెంబు తాగాడు.

"ముందు తీపిగా అనిపించి తర్వాత గొంతులో ఉప్పు తేలుతోంది," అన్నాడు.

"ఆయ్, అదేనండి. అలాగే ఉంటాయండి," అంది పోలమ్మ. ఆ ఊరి కష్టం ఒకటి ఒక పరాయి మనిషి నోట సరిగ్గా పలకడం ఆమె అప్పుడే విన్నది.

గుడిసె నీడలో తిరగేసిన పడవ మీద కూర్చుని అర్జీ వ్రాశాడు. ఎన్నడూ లేనిది, ఎత్తుగడకు ఏ మాటా రాలేదు. బావి ఉప్పు అయిందని వ్రాశాడు. చెలమ నీటి రుచి తాను తాగి చూసినట్టే వ్రాశాడు. కిందటి అర్జీలో మనుషులు లేరన్నది అర్జీదారులు చెప్పిన మాట కాదని, వ్రాసినవాడి అలవాటు చేత పడిన అబద్ధమని, దానికి తానే జవాబుదారీ అని వ్రాసి కింద తన చేవ్రాలు చేశాడు. తర్వాత ఊళ్ళో బతికి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పారు. పేరు పేరునా వ్రాశాడు. మగవాళ్ళు తమ పేరు పక్కన తెడ్డు గుర్తు గీశారు, ఆడవాళ్ళు గాజు గుర్తు. వీరవేణి బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు. 'వీరవేణి కుమార్తె, పాలు తాగుచున్నది' అని వ్రాశాడు. ముప్పై ఏళ్ళలో అతను వ్రాసిన అర్జీలన్నిటిలోకీ అదే పొట్టిది. అలంకారం లేని అర్జీ వంటి మీద బట్ట లేనట్టు అనిపించి సిగ్గుపడ్డాడు కూడా.

"ఇది నీ దగ్గరే ఉంచు, పోలమ్మా," అన్నాడు ఇసుక దులుపుతూ. "దొరగారు వచ్చిన రోజున నువ్వే ఇవ్వాలి. నువ్వొక్కదానివి కాదు, ఇందులో పేరున్న వాళ్ళంతా రావాలి. కచేరీ ముందు నిలబడాలి. లేరనుకున్నవాళ్ళే ఎదురుగా నిలబడితే ఇంక ఏ హుకుం రాస్తాడో చూద్దాం."

"తప్పకుండా వస్తామండి. మీరూ ఉంటారు కదండీ?"

"ఎక్కడికి పోతాను? ఆ మూలే ఉంటాను."

వెళ్ళే ముందు చెంబును మళ్ళీ చెలమలో ముంచి నింపాడు. అరటాకు ముక్కతో మూతి కట్టాడు. అర్జీతోపాటు దొరగారి బల్ల మీద ఆ నీళ్ళు పెట్టాలని అతని ఆలోచన. మేనమామ కట్టలో అలాంటి మాదిరి ఏదీ లేదు. అది తన సొంత తెలివి అనుకుని లోలోపల కొంచెం మురిసిపోయాడు.

పోటు నీటితో తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఆ నీళ్ళు ఇంట్లోకి తీసుకెళ్ళడానికి లేదు గనక, కచేరీ వసారాలో తన మూల చాప పక్కన గోడవారగా చెంబును పెట్టి ఇంటికి పోయాడు. నూతి దగ్గర తలస్నానం చేశాడు. పల్లెకు వెళ్ళొచ్చానని మంగాయమ్మకు చెప్పాడు, నీళ్ళు తాగానని చెప్పలేదు. ఆమె వడ్డించిన చారు అన్నం తిన్నాడు. "ఆ పిల్లకి పేరు పెట్టాలి," అన్నాడు మధ్యలో. ఏ పిల్లకని ఆమె అడిగింది. అతను నవ్వి మజ్జిగ పోయమన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కచేరీ నుంచి తొందరగా వచ్చేశాడు. కడుపులో వికారంగా ఉందన్నాడు. ఆ మర్నాడు ఎండ ముదరకముందే పోయాడు. కళ్ళు లోపలికి పోయి, గొంతు పూడుకుపోయి, చివర్లో నీళ్ళడిగాడు. మంగాయమ్మ తమ ఇంటి నూతి నీళ్ళు చెంచాతో పోసింది. "తియ్యగా ఉన్నాయి," అన్నాడట.

దొరగారి మకాం రోజున నత్తలపాలెం మొత్తం వచ్చింది. ముసలివాళ్ళను ఎత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. కాని పేర్రాజు పంతులు ముసలయ్య వెంట వెళ్ళడం చూసినవాళ్ళందరూ, అతను ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగి పోయాడో అప్పటికే ఊహించేశారు. బంట్రోతులు వీధి మొదట్లోనే కర్రలు అడ్డం పెట్టారు. ఆ జబ్బు ఊరివాళ్ళు ఒక్క అడుగు ముందుకు వేసినా ఊరుకోమన్నారు. కచేరీ అక్కడికి కనిపిస్తూనే ఉంది. వాళ్ళు మాత్రం కచేరీ లోపలివాళ్ళకు కనిపించరు.

పంతులుగారు పోయారని పోలమ్మకు అక్కడే తెలిసింది. ఆమె రోడ్డు మీద కూలబడింది. అమ్మిరాజు అవతలి నుంచి వచ్చి, చీల్చిన వెదురు కర్ర చివర ఇరికించి ఆ కాగితం అందుకున్నాడు. చదివాడు. అది బాబయ్యగారి చేతివ్రాత, కాని ఆయన అర్జీ కాదనిపించింది. అతని కళ్ళు చెమర్చాయి.

"ఇచ్చేస్తానులే. మీరు వెళ్ళిపొండి," అన్నాడు.

"అందరం వచ్చేమని చెప్పండి బాబూ," అంది పోలమ్మ. "రమ్మన్నారండి ఆయన. ఇందులో పేరున్న ప్రతివాళ్ళూ వచ్చేరండి. ఒక్కసారి చూడమనండి."

అమ్మిరాజు మాట తప్పలేదు, అర్జీ లోపలికి వెళ్ళింది. జబ్బు మనుషులు వీధిలో ఉన్నారని విని దొరగారు బయటికి రాలేదు. 'గ్రామమునకు వెళ్ళి విచారించి తెలుపవలెను' అని వెనక వ్రాశారు. విచారించవలసిన గుమాస్తా జబ్బు భయానికి రోజులు జరిపాడు. తొలకరి పడి, వానలు గట్టిగా కురిసి, మెరక మీద తవ్వని చెరువులోకి చేరవలసిన నీరంతా పాయలో పడి సముద్రానికి పోయింది. ఆ తర్వాత గుమాస్తా పడవలో వెళ్ళి పాయ మధ్యలోనే ఆగి చూశాడు. ఏ గుడిసెలోనూ పొగ లేదు. వీరవేణి బిడ్డ పోయిన మర్నాడే, మిగిలినవాళ్ళు వలలూ కుండలూ పడవల్లో వేసుకుని అప్పటికే కోరంగి వైపు వెళ్ళిపోయారు. అతనికి ఆ సంగతి చెప్పడానికైనా అక్కడ ఎవరూ లేరు. సదరు గ్రామమందు మనుష్యమాత్రుడు లేడని వ్రాసుకుని తిరిగి వచ్చాడు. ఆ వ్రాసినదాంట్లో అబద్ధం లేదు.

పేర్రాజు పెట్టెనూ, గవ్వనూ, తాటాకు కట్టనూ మంగాయమ్మ అమ్మిరాజుకు ఇచ్చేసింది. అతను పడమటి మూలకు మారి కూర్చున్నాడు. గోడవారగా ఉన్న చెంబును మాత్రం అతనూ ముట్టలేదు, ఊడ్చేవాళ్ళూ ముట్టలేదు. అరటాకు ఎండి ఊడిపోయింది, నీళ్ళు ఆరిపోయాయి, చిలుము పట్టిన ఆ ఇత్తడి లోపల ఒకప్పుడు నీళ్ళు ఉన్న మేరకు తెల్లగా ఉప్పు చార కట్టింది.